వైద్యుడి చేతిలో అమానతు: హకీం అల్ రాజీ జీవితం

రోగి వైద్యుడి ఎదుట కూర్చున్నాడంటే తన శరీరంతో పాటు ఇంటి గుట్టును, చేతిలో ఉన్న నాలుగు డబ్బులను, బతుకు మీది ఆశను కూడా ఆయన చేతిలో పెట్టినట్టే. ఇస్లామీ పరిభాషలో దీన్ని అమానతు అంటారు. అప్పగించిన వస్తువును చెక్కుచెదరకుండా తిరిగి ఇవ్వడం ప్రతి విశ్వాసి మీద విధి. అమానతును కాజేసినవాడు ప్రళయదినాన సమాధానం చెప్పుకోక తప్పదు.

నరాల జబ్బులు, కండరాల జబ్బుల విషయంలో ఈ అమానతు మరీ బరువైనది. జ్వరమైతే వారం పది రోజుల్లో అటో ఇటో తేలిపోతుంది. కాలూ చెయ్యీ పడిపోయిన మనిషి మాత్రం నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి మంచానికి అంటిపెట్టుకుని ఉంటాడు. పిల్లవాడి కాళ్లలో బలం రోజురోజుకూ తగ్గిపోతుంటే తల్లిదండ్రులు ఎవరు ఏది చెబితే అది చేస్తారు. నగలు అమ్ముతారు, ఇల్లు కుదువ పెడతారు. వాళ్ల ఆశే కొందరికి వ్యాపారం అవుతుంది. కనుక ఈ జబ్బులకు వైద్యం చేసేవారికి నీతి నియమాలు అందరికన్నా ఎక్కువ అవసరం.

ఈ సంగతిని పదకొండు వందల సంవత్సరాల క్రితమే ఆలోచించి, తన శిష్యులకు రాతపూర్వకంగా బోధించిన మహా వైద్యుడు అబూ బక్ర్ ముహమ్మద్ బిన్ జకరియా అల్ రాజీ. ఆయన జీవితాన్ని ఈ శుక్రవారం పాఠకుల ముందు ఉంచుతున్నాము.

ఆలస్యంగా వైద్యంలోకి

అల్ రాజీ హిజ్రీ 251లో, అంటే క్రీ.శ. 865లో, ఇరాన్ దేశంలోని రే పట్టణంలో జన్మించారు. రే ఊరివాడు కాబట్టి రాజీ అన్న పేరు వచ్చింది. ఆ పట్టణం నేడు టెహరాన్ నగరానికి దక్షిణాన, దానిలోనే కలిసిపోయి ఉంది. యౌవనంలో ఆయనకు సంగీతం మీద మక్కువ. ఊద్ వాయించేవారు. ఆ తర్వాత రసవాదం మీద మనసు పడింది. కొలిమి ముందు కూర్చుని లోహాలు కరిగిస్తూ, ఆవిర్లు పీలుస్తూ కాలం గడిపారు. ఆ పొగల వల్ల కళ్లు దెబ్బతిన్నాయనీ, కళ్ల వైద్యం కోసం తిరుగుతూనే వైద్యవిద్య వైపు మళ్లారనీ చరిత్రకారులు చెబుతారు. వైద్యం నేర్చుకోవడం మొదలుపెట్టేనాటికి ఆయన వయసు ముప్పై దాటింది.

మన ఇళ్లలో ఇరవై ఏళ్ల కుర్రవాడు ఒక పరీక్ష తప్పితే జీవితమే ముగిసిపోయినట్టు బాధపడతాం. ముప్పై దాటిన తర్వాత మొదటి పాఠం చదివిన మనిషి లోకానికే గురువైన సంగతి గుర్తుంచుకోవాలి.

కొద్ది కాలంలోనే ఆయన రే పట్టణపు ఆసుపత్రికి పెద్ద అయ్యారు. తర్వాత బగ్దాద్ వెళ్లి అక్కడి ఆసుపత్రికీ అధిపతిగా పనిచేశారు. బగ్దాద్‌లో ఆసుపత్రికి స్థలం ఎంచడానికి నగరంలో పలుచోట్ల మాంసం ముక్కలు వేలాడదీయించి, ఎక్కడి ముక్క ఆలస్యంగా కుళ్లిందో అక్కడే కట్టమన్నారని ఒక కథ ప్రచారంలో ఉంది. అది అజుదీ ఆసుపత్రి గురించిన కథ. ఆ ఆసుపత్రి మాత్రం అల్ రాజీ మరణించిన అర్ధశతాబ్దం తర్వాత వెలసింది. కనుక కథలో ఎక్కడో పేర్లు కలగలిసి ఉంటాయి. అయినా ఊహతో గాక కంటితో చూసి తేల్చుకునే ఆయన పద్ధతిని ప్రజలు ఎలా గుర్తుంచుకున్నారో ఈ కథ చెబుతుంది.

ఆసుపత్రిలో ఆయన దర్బారు

అల్ రాజీ ఆసుపత్రిలో ఎలా కూర్చునేవారో ఇబ్నె నదీం అనే గ్రంథకర్త వివరంగా రాసిపెట్టాడు. ఆయన చుట్టూ శిష్యులు వరుసలు వరుసలుగా కూర్చునేవారు. వచ్చిన రోగి మొదట బయటి వరుసలో ఉన్న కొత్త శిష్యులకు తన బాధ చెప్పుకునేవాడు. వాళ్లకు తెలిస్తే సరి, లేకపోతే లోపలి వరుసలోని అనుభవజ్ఞుల దగ్గరకు పంపేవారు. వాళ్లకూ అంతుబట్టకపోతే అప్పుడు అల్ రాజీ స్వయంగా మాట్లాడేవారు. తెలియని విషయం తెలియదని ఒప్పుకుని పైవారికి అప్పగించడం ఆ ఏర్పాటులోనే ఇమిడి ఉంది. ఆ కాలంలోనూ ఈ కాలంలోనూ వైద్యుడికి అన్నిటికన్నా కష్టమైన పని ఇదే.

పేదల పట్ల ఆయన ఎంతో దయగా ఉండేవారని, వాళ్లకు వైద్యం చేయడమే గాక ఖర్చులకు తన సొంత డబ్బు కూడా ఇచ్చేవారని ఇబ్నె నదీం రాశాడు. ఎప్పుడు చూసినా ఏదో ఒకటి రాస్తూ కనిపించేవారట. తల పెద్దది, కళ్లు ఎప్పుడూ చెమ్మగా ఉండేవి. చిక్కుడు గింజలు విపరీతంగా తినేవారు కాబట్టి అలా అయిందని జనం అనుకునేవారు. ఆయన రచనల పట్టిక తయారుచేసిన మహాపండితుడు అల్ బిరూనీ 184 పేర్లు లెక్కగట్టాడు. మశూచికీ తట్టుకూ తేడా వివరించిన పుస్తకం, రే పాలకుడు మన్సూర్ బిన్ ఇస్‌హాఖ్ పేరిట రాసిన కితాబుల్ మన్సూరీ, వైద్యుడు అందుబాటులో లేని పేదల కోసం రాసిన గృహవైద్య గ్రంథం వాటిలో ప్రసిద్ధమైనవి.

లఖ్వా రహస్యం

మన పాతబస్తీలో మూతి వంకరపోతే లఖ్వా అంటారు. ఒక పక్క కాలూ చెయ్యీ పడిపోతే ఫాలిజ్ అంటారు. ఈ రెండు మాటలూ అరబ్బీ వైద్య గ్రంథాల నుంచి మన ఇళ్లదాకా వచ్చినవే. అల్ రాజీ మహాగ్రంథం అల్ హావీలో మొదటి సంపుటం తలకు, మెదడుకు, నరాలకు సంబంధించిన జబ్బుల గురించే. అందులో లఖ్వాకు ఆయన పెద్ద అధ్యాయం కేటాయించారు.

తనకు ముందు గ్రీకు వైద్యులు, భారతీయ వైద్యులు, అరబ్బు వైద్యులు ఏం చెప్పారో పేర్లతో సహా రాశారు. ఆ తర్వాత తాను చూసినది రాశారు. ముఖం ఒక పక్కకు లాగినట్టు కనిపించినప్పుడు కండరం బిగుసుకుపోయిందా, చచ్చుబడిందా అని ముందు తేల్చుకోవాలన్నారు. జబ్బు మెదడులో ఉందా, ముఖానికి వెళ్లే నరంలో ఉందా అన్నది రెండో ప్రశ్న. నరంలోనే ఉంటే ఆ పక్క నుదుటి మీద ముడతలు కూడా పడవని గమనించారు.

నేటి డాక్టరు కూడా మూతి వంకరపోయిన మనిషిని ముందుగా కనుబొమలు పైకెత్తమనే అడుగుతాడు. నుదుటికి వెళ్లే ఆజ్ఞలు మెదడు రెండు పక్కల నుంచీ వస్తాయి. కనుక మెదడులో ఒక పక్క దెబ్బ తగిలితే నుదురు మామూలుగానే కదులుతుంది, మూతి మాత్రమే వంకరపోతుంది. ముఖనరమే దెబ్బతింటే నుదురు కూడా కదలదు, కన్ను మూతపడదు. మొదటిది ఫాలిజ్‌కు సూచన కావచ్చు. అప్పుడు ప్రతి నిమిషమూ విలువైనదే. మెదడు రక్తనాళంలో గడ్డ అడ్డుపడితే, తగిన రోగికి దాన్ని కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటలలోపు ఇవ్వాలి. రెండోది సాధారణంగా ప్రాణాపాయం కాదు. దానికి స్టెరాయిడ్ మందు మూడు రోజులలోపు మొదలుపెడితే మేలు. మూతపడని కన్ను ఎండిపోకుండా కాపాడుకోవాలి. ఈ తేడా ఇంట్లో మనం సొంతంగా తేల్చుకోవలసింది కాదు. మూతి వంకరపోయిన మనిషిని వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లడమే మన పని.

ఈ నరం జబ్బుకు 19వ శతాబ్దపు స్కాట్లాండ్ వైద్యుడు చార్లెస్ బెల్ పేరు పెట్టారు. ఆయనకు తొమ్మిది వందల ఏళ్ల ముందే అల్ రాజీ ఈ మార్గంలో నడిచారన్నది నేడు పాశ్చాత్య పండితులు కూడా రాస్తున్న మాట.

ఇక్కడొక విషయం గమనించాలి. ముఖనరపు లఖ్వా చాలామందికి కొన్ని వారాల్లో తనంతట తానే తగ్గిపోతుంది. కాబట్టి ఆ సమయంలో ఎవడు ఏ మందు ఇచ్చినా, పావురం మాంసం తినిపించినా, పసరు పూసినా, తావీజు కట్టినా పేరు వాడికే దక్కుతుంది. వాడి ఖ్యాతి నలుగురిలో పాకుతుంది. రేపు నిజంగా మెదడులో గడ్డ అడ్డుపడిన మనిషిని కూడా బంధువులు వాడి దగ్గరికే తీసుకువెళతారు. విలువైన ఆ నాలుగు గంటలూ అక్కడే కరిగిపోతాయి. జనం మంచి వైద్యులను విడిచి మోసగాళ్ల వెంట ఎందుకు పడతారన్న విషయం మీద అల్ రాజీ ప్రత్యేకంగా రాశారంటే ఈ బాధ ఆయన కాలంలోనూ ఉన్నట్టే.

వేళ్లలో జబ్బు, మెడలో మూలం

నరం ఎక్కడ పుడుతుందో, ఎక్కడికి వెళుతుందో తెలియకుండా వైద్యం చేయకూడదన్నది ఆయన నియమం. వెన్నుపాము నుంచి వచ్చే నరాలు 31 జతలని ఆయన రాశారు. నేటి శరీరశాస్త్రం లెక్క కూడా అదే.

గ్రీకు వైద్యుడు గాలెన్ చూసిన ఒక రోగి ముచ్చటను ఆయన తన గ్రంథంలో ఎక్కించుకున్నారు. ఒక మనిషికి చిటికెన వేలు, ఉంగరపు వేలు, నడిమి వేలులో సగం స్పర్శ పోయింది. అతన్ని చూసిన వైద్యులు వేళ్లకే మందులు రాస్తూ పోయారు. గుణం కనిపించలేదు. గాలెన్ వచ్చి ఈ మధ్య ఎక్కడైనా పడ్డావా అని అడిగాడు. బండి మీది నుంచి పడి వీపు పైభాగం రాయికి కొట్టుకుందని అతను చెప్పాడు. ఆ వేళ్లకు వెళ్లే నరం మెడ కింద వెన్నులో నుంచి బయలుదేరుతుంది. గాలెన్ అక్కడ మందు వేయించాడు, మనిషి కోలుకున్నాడు.

దీన్ని శరీరశాస్త్ర పాఠమనే అనుకుంటే సగమే అందుకున్నట్టు. రోగిని అడగాలి, చెప్పేది చివరిదాకా వినాలి అన్న నీతి కూడా ఇందులో ఉంది. వేళ్లు చూసి వేళ్లకు మందు రాసిన వైద్యులు చదువు లేనివారు కారు, వారికి ఓపిక లేదంతే. ఒకే ఒక్క ప్రశ్న అడగకపోవడం వల్ల ఆ మనిషి ఎంతకాలం బాధపడ్డాడో ఆలోచించండి.

అల్ రాజీకి గాలెన్ అంటే ఎంతో గౌరవం. అయినా ఆయన తప్పులనిపించిన వాటిని ఎత్తిచూపుతూ ఒక గ్రంథమే రాశారు. గురువు మీది ప్రేమ సత్యానికి అడ్డు రాకూడదన్నది ఆయన నడిచిన బాట.

కదలలేని అమీరు కథ

అల్ రాజీ పేరుతో ముడిపడిన కథలన్నిటిలోకీ ప్రసిద్ధమైనది 12వ శతాబ్దంలో నిజామీ అరూజీ చహార్ మఖాలా గ్రంథంలో చెప్పినది. బుఖారా పాలకుడు అమీర్ మన్సూర్ కాళ్లు కదపలేని జబ్బుతో మంచం పట్టాడు. ఎందరు వైద్యులు ప్రయత్నించినా ఫలితం లేకపోయింది. అల్ రాజీని రమ్మని కబురు పంపారు. ఆయన జైహూన్ నది ఒడ్డుదాకా వచ్చి పడవ ఎక్కనన్నారు. తన చేతులారా తనను ప్రమాదంలోకి నెట్టుకోకూడదని ఖుర్ఆన్ బోధించిందని కారణం చెప్పారు. రాజభటులు చేతులు కట్టి పడవలో పడేసి నది దాటించారు. అవతలి ఒడ్డున కట్లు విప్పి, కోపం వచ్చిందా అని భయంభయంగా అడిగితే ఆయన నవ్వేశారట. ఏటా వేలమంది ఈ నదిని క్షేమంగా దాటుతారని నాకు తెలుసు, ఒకవేళ మునిగిపోతే మాత్రం ఇష్టపూర్వకంగా ఎక్కాడన్న నింద నాకు రాకూడదనుకున్నానని చెప్పారట.

బుఖారాలో ఆయన తెలిసిన మందులన్నీ వాడారు. అమీరు లేవలేదు. చివరికి ఒకరోజు అమీరును ఊరి బయటి స్నానశాలకు తీసుకువెళ్లారు. వేగంగా పరిగెత్తే గుర్రాన్ని, కంచర గాడిదను గుమ్మం దగ్గర సిద్ధంగా ఉంచారు. వేడి నీళ్లు పోసి, షర్బతు తాగించి, సేవకులందరినీ బయటకు పంపేశారు. ఆ తర్వాత చేత కత్తి పట్టుకుని అమీరు ఎదుట నిలబడి, నా చేతులు కట్టించి అవమానిస్తావా అని నోటికొచ్చినట్టు తిట్టారు. అమీరుకు ఆగ్రహం, భయం ముంచుకొచ్చాయి. ఆ ఊపులో మోకాళ్ల మీదికి లేచాడు, తర్వాత నిలబడ్డాడు. అల్ రాజీ వెంటనే బయటికి వచ్చి గుర్రమెక్కి మర్వ్ పట్టణం చేరేదాకా ఆగలేదు. అక్కడి నుంచి ఉత్తరం రాసి తన చికిత్స ఏమిటో వివరించారు. ఇకపై మనం ఎదురుపడటం మంచిది కాదని కూడా రాశారు. అమీరు సంతోషించి ఏటా 2,000 దీనార్లు, 200 గాడిదల మోత ధాన్యం ఆయనకు ఏర్పాటు చేశాడు.

ఆ అమీరు క్రీ.శ. 961 నుంచి 976 వరకు పాలించాడు. అప్పటికి అల్ రాజీ లోకం విడిచి ముప్పై ఏళ్లు దాటింది. కాబట్టి జరిగినది జరిగినట్టు అని మనం నమ్మనక్కరలేదు. అయినా ఈ కథ ఒక గట్టి ప్రశ్న వేస్తుంది. బాగుచేయడం కోసం రోగిని మోసగించవచ్చా? బెదిరించవచ్చా?

కథలోని హకీం మూడు పనులు చేశాడు. ముందు తెలిసిన మార్గాలన్నీ ప్రయత్నించాడు. ప్రమాదాన్ని రోగి మీద గాక తన మెడ మీద వేసుకున్నాడు. పని అయిన తర్వాత నిజాన్ని దాచలేదు, కాగితం మీద పెట్టాడు. ఇవి గౌరవించవలసినవే. నేటి ధర్మం ఇంకొక మెట్టు పైకి వెళ్లింది. రోగికి తెలియజెప్పి, అతని అంగీకారం తీసుకున్న తర్వాతే చికిత్స మొదలుపెట్టాలి. నరాలు బాగానే ఉన్నా కాళ్లూ చేతులూ పనిచేయని జబ్బు ఒకటుందని నేటి నరాల వైద్యులు చెబుతారు. ఆ రోగులు నటించడం లేదు, వాళ్ల బాధ నిజమైనది. వాళ్లను తిట్టి లేపాలని చూడటం, నాటకమని ఎగతాళి చేయడం చికిత్స కాదు. అలాంటివారిని ఓపికగా కూర్చోబెట్టి జబ్బు సంగతి వివరించి, వ్యాయామంతో క్రమంగా నడిపించాలి. అమీరు కథ విని ఇంట్లో ఎవరూ కత్తి పట్టకూడదు.

శిష్యుడికి రాసిన ఉత్తరం

అల్ రాజీ శిష్యుడొకడు ఒక పాలకుడి కొలువులో వైద్యుడిగా చేరాడు. అతనికి ఆయన వైద్యుడి నడవడి గురించి ఒక లేఖ రాశారు. అఖ్లాఖుత్తబీబ్ అన్న పేరుతో అది నేటికీ నిలిచి ఉంది.

అందులో మొదట గుట్టు కాపాడటం గురించి చెప్పారు. కన్న తల్లిదండ్రులకు, కడుపున పుట్టిన పిల్లలకు చెప్పని జబ్బును మనిషి వైద్యుడికి చెబుతాడు, ఆ మాట మూడో చెవిన పడకూడదని హెచ్చరించారు. స్త్రీలను చూసేటప్పుడు అవసరమైన చోటికే చూపు పరిమితం కావాలన్నారు. సంపన్నుణ్ణి చూసినంత శ్రద్ధగా పేదవాణ్ణీ చూడాలని బోధించారు. జబ్బు నయమైతే అది తన గొప్ప అని విర్రవీగకూడదని, స్వస్థత అల్లాహ్ చేతిలో ఉందన్న నమ్మకంతో మందు ఇవ్వాలని చెప్పారు. రోగికి ధైర్యం చెప్పడం వైద్యుడి బాధ్యతేనన్నారు. ఎందుకంటే దేహం మనసు వెంట నడుస్తుంది.

ఆహారంతో తగ్గే జబ్బుకు మందు ఇవ్వవద్దని, ఒక్క మందుతో తగ్గేదానికి పది కలిపి ఇవ్వవద్దని ఆయన సిద్ధాంతం. పదిమంది వైద్యుల చుట్టూ తిరిగే రోగి పదిమంది పొరపాట్లకూ గురవుతాడని, నమ్మకమైన ఒకరిని ఎంచుకొమ్మని రోగులకూ సలహా ఇచ్చారు.

గుట్టు అన్న మాట నేడు మరింత లోతైనది. కండరాల జబ్బుల్లో కొన్ని వంశపారంపర్యమైనవి. ఒక్క రక్తపరీక్షలో రోగి సంగతితో పాటు అతని అక్కచెల్లెళ్ల సంగతి, పుట్టబోయే బిడ్డల సంగతి కూడా బయటపడవచ్చు. ఆ కాగితం తప్పుడు చేతిలో పడితే ఇంటి ఆడపిల్లల పెళ్లిళ్లు ఆగిపోతాయి. అందుకే పరీక్షకు ముందే దాని పర్యవసానాలు వివరించడం, ఫలితాన్ని ఎవరికి చెప్పాలో రోగినే అడగడం వైద్యుడి విధి. మన వైపు నుంచి మనం చేయవలసినదీ ఉంది. ఒక ఇంట్లో అలాంటి జబ్బు ఉందని తెలిస్తే నలుగురిలో చాటడం గీబత్ కిందికి వస్తుంది.

ప్రయోగం ఎవరి మీద?

సర్సాం అనే మెదడు పొరల వాపు లక్షణాలు ఉన్నవారిలో కొందరికి అల్ రాజీ రక్తం తీయించారు. మరికొందరికి కావాలనే తీయించలేదు. తర్వాత రెండు జట్లనూ పోల్చి చూశారు. రెండు జట్లుగా విడదీసి పోల్చడమన్న నేటి పరిశోధనా పద్ధతికి ఇది తొలి అడుగుల్లో ఒకటి. పాదరసం గుణం తెలుసుకోవడానికి ముందు కోతికి ఇచ్చి చూశారు.

మెచ్చుకుంటూనే ఒక మాట అనుకోవాలి. రక్తం తీయడమే మందు అని గట్టిగా నమ్మే కాలంలో, దాన్ని ఆపిన రోగులకు ఆ సంగతి తెలుసా? ఆ రోగుల వైపు నుంచి ఒక్క అక్షరం మనకు దక్కలేదు. రక్తం తీయడం ఆ జబ్బుకు పనికిరాదని నేడు తేలిపోయింది. ఈ ప్రశ్నలు అడగడానికి వైద్యలోకానికి వెయ్యేళ్లు పట్టింది. ఇప్పుడు మన దేశంలో మనుషుల మీద ప్రయోగం చేయాలంటే నైతిక కమిటీ అనుమతి, రోగి లిఖితపూర్వక అంగీకారం తప్పనిసరి.

ఈ నియమం మన ఇళ్లకు ఎంత దగ్గరిదో చూడండి. కండరాలు కరిగిపోయే జబ్బు ఉన్న పిల్లలకు మూలకణాలు ఎక్కిస్తామని, లక్షల రూపాయలు తీసుకునేవారు బయలుదేరారు. 2017లో వెలువడిన జాతీయ మార్గదర్శకాల ప్రకారం, రక్తసంబంధమైన కొన్ని నిర్ణీత జబ్బులకు తప్ప మూలకణాలు స్థిరపడిన చికిత్స కాదు. మిగతా జబ్బులకు అవి పరిశోధనగానే జరగాలి, దానికి రోగి దగ్గర డబ్బు వసూలు చేయకూడదు. పక్షవాతం, మూర్ఛ, మెదడు వ్యాధులు నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వడాన్ని 1954 నాటి చట్టమే నిషేధించింది. అయినా గోడల మీద రాతలు మనకు కనిపిస్తూనే ఉన్నాయి.

ఎంత నేర్పరి అయిన వైద్యుడైనా అన్ని జబ్బులనూ నయం చేయలేడని అల్ రాజీ ఒక పుస్తకం రాశారు. నయం కాని జబ్బును నయం కాదని చెప్పడం నేరం కాదు, ధర్మం. అలా చెప్పిన తర్వాత చేతులు దులుపుకోవడమే నేరం. కండరాల జబ్బు ఉన్న పిల్లవాడికి వ్యాయామం, ఊపిరి సాయం, గుండె పరీక్షలు, చక్రాల కుర్చీ, బడికి వెళ్లే ఏర్పాటు, ఇవన్నీ వైద్యమే. వైద్యం తెలియకుండా వైద్యం చేసినవాడు జరిగిన నష్టానికి బాధ్యుడని ప్రవక్త ముహమ్మద్ (స) హెచ్చరించిన హదీసు ఉంది. ఒక ప్రాణాన్ని కాపాడటం మానవాళినంతా కాపాడటంతో సమానమన్నది దివ్య ఖుర్ఆన్ బోధ. ఈ రెండిటి మధ్యే వైద్యుడి దారి ఉంది.

చివరి రోజులు

జీవితపు చివరి భాగంలో అల్ రాజీ చూపు పోయింది. శస్త్రచికిత్స చేస్తానని వచ్చిన వైద్యుణ్ణి కంటిలో ఎన్ని పొరలు ఉంటాయని అడిగారట. అతను చెప్పలేకపోయాడు. అవి తెలియనివాడి పరికరం నా కంటిని తాకకూడదని తిప్పి పంపేశారట. అల్ బిరూనీ లెక్క ప్రకారం హిజ్రీ 313లో, క్రీ.శ. 925లో, రే పట్టణంలోనే కన్నుమూశారు. చాంద్రమానం ప్రకారం ఆయనకు అప్పటికి 62 ఏళ్లు.

ధార్మిక విషయాల్లో ఆయన పేరిట ప్రచారంలో ఉన్న కొన్ని అభిప్రాయాలను పండితులు తీవ్రంగా ఖండించారు. వాటిలో చాలా భాగం ఆయన ప్రత్యర్థుల రచనల ద్వారానే మనదాకా చేరింది. ఆ తీర్పు అల్లాహ్‌ది. ఆయన వైద్యం మాత్రం సర్వమానవుల సొత్తు.

అల్ హావీ, మన హైదరాబాదు

అల్ రాజీ జీవితమంతా రాసుకున్న కాగితాలు ఆయన మరణించేనాటికి పుస్తకంగా కాలేదు. ఇబ్నుల్ అమీద్ అనే మంత్రి ఆ కాగితాలను ఆయన సోదరి దగ్గర కొని, శిష్యుల చేత కూర్పించాడు. అదే అల్ హావీ. 1279లో సిసిలీలో ఫరజ్ బిన్ సాలిం అనే యూదు వైద్యుడు దాన్ని లాటిన్‌లోకి అనువదించాడు. 1486లో ఇటలీలో అచ్చయింది. యూరపు వైద్యులు తరతరాలు దాన్ని చదివారు. అరబ్బీ మూలం మాత్రం చేతిరాత ప్రతులలోనే చెల్లాచెదురుగా ఉండిపోయింది.

ఆ మూలాన్ని అచ్చువేసిన ఘనత మన హైదరాబాదుది. 1888లో స్థాపితమైన దాయిరతుల్ మఆరిఫ్ సంస్థ 1955 నుంచి అల్ హావీని సంపుటాలు సంపుటాలుగా ప్రచురించి, 23 సంపుటాలలో పూర్తిచేసింది. ఆ సంస్థ స్థాపకుల్లో నవాబ్ ఇమాదుల్ ముల్క్, ముల్లా అబ్దుల్ ఖయ్యూం, జామియా నిజామియా స్థాపకులు మౌలానా అన్వారుల్లాహ్ ఖాన్ ఉన్నారు. లఖ్వా గురించిన అల్ రాజీ అధ్యాయాన్ని నేడు ఏ దేశపు పండితుడు చదవాలన్నా హైదరాబాదు ప్రతినే తెరుస్తాడు.

మా గౌలిపుర పాడి పశువుల గౌలీల పేరు మోస్తున్న బస్తీ. ఒకప్పటి నగరపు కోటగోడకు ఇక్కడ గౌలిపుర దర్వాజా అని ఒక ద్వారం ఉండేది. గోడ పోయింది, దర్వాజా పోయింది, పేరు మిగిలింది. ఇక్కడి నుంచి చార్మినార్ వైపు వెళితే నిజామియా యునానీ దవాఖానా కనిపిస్తుంది. ఇంకాస్త ముందుకు పోతే ముహమ్మద్ కులీ కుతుబ్‌షా 1595లో కట్టించిన దారుష్షిఫా ఉంది. అక్కడ రోగులకు వైద్యం, విద్యార్థులకు వైద్యవిద్య ఒకే చోట సాగేవి. అల్ రాజీ బగ్దాద్‌లో నడిపిన పద్ధతి అలా మన ఊరిదాకా వచ్చింది. హిందువులు, ముస్లింలు పక్కపక్కనే బతికే ఈ బస్తీల్లో లఖ్వా, ఫాలిజ్ మతం అడిగి రావు. వైద్యుడి దయ కూడా మతం అడగకూడదు.

మన ఇళ్లలో ఎందరో పిల్లలు డాక్టర్లు కావాలని కలలు కంటున్నారు. పరీక్షలో ర్యాంకు రావాలని దుఆ చేసే తల్లులు, నా బిడ్డ అమానతును కాపాడే డాక్టరు కావాలని కూడా దుఆ చేయాలి. మనలో ఎవరికైనా మూతి వంకరపోతే, చేయి బరువెక్కితే, మాట తడబడితే ఆ ఘడియలోనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. ఎవడైనా ఖాయంగా నయం చేస్తానని డబ్బు అడిగితే, నీకు తెలియనిది ఏమిటో ముందు చెప్పమని అడగాలి. తనకు తెలియనిది ఒప్పుకునే వైద్యుడి చేతిలో పెట్టిన ప్రాణం భద్రమైన చోట ఉన్నట్టు. అల్లాహ్ మన వైద్యులకు జ్ఞానాన్ని, దైవభీతిని, మన రోగులకు స్వస్థతను ప్రసాదించుగాక. ఆమీన్.